పండుగ తోరణము క్రింద పరదేశి

పరదేశీయుడు మన పండుగకు వచ్చినచో జనులు పీట వేసి కూర్చుండబెట్టుదురు. అంతకు మించిన గౌరవ మరుదు. దత్తమండల ప్రజలు సర్ తామస్ మన్రోకు దేవతల తోరణమునే చూపినారు. కడపజిల్లా వేంపల్లె సమీపమున పాపఘ్ని కొండలను చీల్చుకొని పారు గండిలో, లంకనుండి మరలివచ్చు శ్రీరామునకు స్వాగతముగా వాయుదేవుడు బంగారు తోరణము కట్టెననియు, ఆసన్నమరణులైన పుణ్యాత్ములకే అది కనబడుననియు జనశ్రుతి. మన్రో దానిని చూచెనట; వెంటనున్నవారికి కానరాలేదట. కథలోని నిజానిజముల జోలికి మేము పోము. పిలువని పేరంటముగా కత్తితో వచ్చిన దొరను మనవా రీ పంక్తిలో నేల చేర్చిరి?

1761లో గ్లాస్గోలో జనించిన మన్రో 1780లో సైనికుడుగా చెన్నపట్టణము చేరెను. 1800లో నిజాము ఈ జిల్లాలను కుంపిణీకి దత్తము చేయగా, ప్రధాన కలెక్టరై అనంతపురమున కచేరి పెట్టి, ఏడేండ్లలో అధికభాగము డేరాలలోనే గడపెను. పాళెగాండ్ర నణచెను, పొలములు కొలిపించి రైతువారీ శిస్తు కట్టెను. ఆయన కాలమున రాబడి సుమారు 4 లక్షల పౌనులనుండి 6 లక్షలకు పెరిగెను. వాననే నమ్ముకొన్న మెట్టభూములనుండి ఇంత సొమ్ము తీసినవానిని పొగడుటకు మా కలము సంకోచించుచున్నది.

అయినను, 1807లో శిస్తును నూటికి 25 వంతులు, బావులక్రింది భూములకు 33 వంతులు తగ్గింపవలెనని వ్రాసినవాడును ఆయనయే. కుంపిణీ వినలేదు, గ్రామములను గుత్తకిచ్చి రైతును మరింత నలిపెను. 1820లో ఆయన గవర్నరై వచ్చిన పిమ్మటగాని ఆ తగ్గింపు అమలు కాలేదు. తమ ఏలికలతో తమ పక్షమున వాదించినవా డొక్కడైన నుండెనని రైతులు గ్రహించిరి. బిడ్డలకు మన్రోలప్ప యని పేరిడుట అందువలననే యని మా తలంపు. తిరుమలలో నైవేద్యపు గంగాళమునకును ఆయన పేరే నిలిచినది.

1827లో స్వదేశమునకు మరలుటకు ముందు ఈ జనులను మరియొకసారి చూడవలెనని బయలుదేరెను. దారిలో వాంతిభేది చెలరేగుచుండెను. జూలై 6వ తేదీ ఉదయమున పత్తికొండలో వ్యాధి సోకగా రాత్రికే మరణించెను. మరునాడు గుత్తిలో పూడ్చిరి. 1831లో అవశేషములను చెన్నపట్టణపు కోటలోని సెయింట్ మేరీ దేవాలయమునకు కొనిపోయిరి. ఆయన జ్ఞాపకార్థము గుత్తిలో సత్రము వెలసెను. పత్తికొండలో చెట్లతోపు నాటించి, రాతిమెట్ల బావి త్రవ్వించిరి.