ఏకతాటి నడక: టెన్సింగ్ నార్గే

మోత్కూరు వైపు వారికి భువనగిరి కొండ క్రొత్త కాదు. ఏకశిలగా నిలిచిన ఆ కొండమీది కోటను చూడనివారు అరుదు. ఆ రాతిమీదనే సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల పిల్లలు కొండలెక్కుట నేర్చుకొన్నారు. వారిలో మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ అను ఇరువురు, పిమ్మట డార్జిలింగులోని హిమాలయ పర్వతారోహణ సంస్థలోను శిక్షణ పొంది, 2014 మే 25న ఎవరెస్టు శిఖరమును చేరినారు. ఆ సంస్థలో శిక్షణకు తొలి సారథి టెన్సింగ్ నార్గే. కొండ ఎక్కుటకు కండబలము ఎంత వలయునో, తోడివానిపై నమ్మకము అంతకు మించి వలయునని ఆయన జీవితము చెప్పుచున్నది.

టెన్సింగ్ 1914లో జడలబఱ్ఱెలను మేపుకొను బీద కుటుంబమున జన్మించినాడు. చదువు అబ్బలేదు. బ్రతుకుతెరువు కొరకు డార్జిలింగు చేరి, 1935లో ఎరిక్ షిప్టన్ దళమున బరువులు మోయుచు మొదటిసారి ఎవరెస్టు దారి పట్టినాడు. కూలి ఆయనకును అవసరమే. కాని ఆ శిఖరమును చేరవలెనను కోరిక కూలిని మించినది. ఆఱు పర్యాయములు వెనుదిరిగినను ఏడవసారి ఆయనను పంపినది ఆ కోరికయే.

1952 మేలో స్విస్ దళముతో పోయినపుడు రేమాన్ లాంబేర్‌తో ఆయనకు జత కుదిరినది. లాంబేర్ కాలివ్రేళ్లు అంతకు పూర్వమే మంచువాత పడి పోయినవి. ఒకరి భాష మరొకరికి రాదు. అయినను సుమారు 8,400 మీటర్ల ఎత్తున, నిద్రసంచులు లేక, కొవ్వొత్తి మంటపై మంచు కరిగించుకొని త్రాగుచు, కునుకు పట్టినచో ప్రాణము దక్కదను భయమున ఒకరినొకరు చఱచుకొనుచు రాత్రి గడపినారు. మఱునాడు సుమారు 8,595 మీటర్ల వఱకు ప్రాకి, ఇక మరలవలెనని గ్రహించి దిగివచ్చినారు. అంత ఎత్తున లభించు ప్రాణవాయువు సముద్రతీరమున లభించు దానిలో ఇంచుమించు మూడవ వంతు. బుద్ధి మందగించును, చిన్న మాటకే కోపము వచ్చును, కారణము లేకయే దిగులు పుట్టును. అట్టిచోట మరలుటకు ఎక్కుటకంటె ఎక్కువ ధైర్యము కావలెను.

1953లో జాన్ హంట్ నాయకత్వమున బ్రిటిషు దళము బయలుదేరినది. ఖాట్మండులో దొరలకు గదులు, షెర్పాలకు పూర్వము గుఱ్ఱపుసాలగా నుండిన గ్యారేజీ ఇచ్చినారు. షెర్పాలు మండిపడినారు. అవమానపడిన మనస్సు బరువు మోయదు. వారి నాయకుడైన టెన్సింగ్ వారిని సముదాయించినాడు, పని సాగినది. ఏప్రిలులో మంచు నెఱ్ఱెలో పడబోయిన ఎడ్మండ్ హిల్లరీని టెన్సింగ్ త్రాడు బిగించి నిలిపినాడు. ఆ జత నాటినుండి గట్టిపడినది.

మే 26న బోర్డిలాన్, ఎవాన్స్ దక్షిణ శిఖరము వఱకు పోయి మరలినారు. 28న లో, గ్రెగొరీ, ఆంగ్ నిమా మంచులో మెట్లు నఱకుచు, బరువులు మోయుచు తోడు వచ్చి, కడపటి గుడారము చోట ఇరువురను విడిచి దిగిపోయినారు. 29 ఉదయము హిల్లరీ బూట్లు గడ్డకట్టి యుండగా, వానిని స్టౌపై కాచుటకే సుమారు రెండు గంటలు పట్టినది. పదకొండున్నరకు ఇరువురు శిఖరముపై నిలిచినారు. టెన్సింగ్ మెడకు లాంబేర్ ఇచ్చిన ఎఱ్ఱని కండువా చుట్టియున్నది. అచ్చటకు రాలేకపోయిన మిత్రుడును ఆ విధముగా వచ్చినట్లే.

దిగివచ్చిన పిదప అసలు పరీక్ష ఎదురైనది. మొదట అడుగు పెట్టినది ఎవరని లోకము నిలదీసినది. తానే ముందని టెన్సింగ్ చేత పలికింపవలెనని పలువురు వెంటబడినారు. ఇరువురును ఇంచుమించు ఒక్కమారే చేరితిమని హిల్లరీతో కలసి ప్రకటనపై సంతకము చేసినాడు. 1955లో వెలువడిన ఆత్మకథలో, కొలది అడుగులు ముందు నడచినది హిల్లరీయేయని తానే తెలిపినాడు. తనకు రాగల కీర్తిని ఆ విధముగా వదలుకొనుట సామాన్యము కాదు.

1954లో నెలకొన్న డార్జిలింగు సంస్థలో ఆయన చిరకాలము యువకులకు కొండలెక్కుట నేర్పినాడు. 1959లో పద్మభూషణ్ లభించినది. 1986 మే 9న డార్జిలింగులోనే కన్నుమూసినాడు. కొలది అడుగుల ముందువెనుకలకై లోకము తగవులాడినను, త్రాటి రెండవ కొన పట్టినవానిని ఆయన తక్కువ చేయలేదు.