విశ్వవిద్యాలయం కన్నా ముందే

పెనుగంచిప్రోలులో 1877లో జన్మించిన కొమర్రాజు లక్ష్మణరావుగారు ఎం.ఏ. చదివి, మునగాల సంస్థానంలో దివానుగా పనిచేశారు. ఆ రోజుల్లో పై చదువులన్నీ ఇంగ్లీషులోనే. ఆ భాష రానివారికి చరిత్ర, శాస్త్రాలు అందని పండ్లే. అందుకే ఆయన మిత్రులతో కలిసి 1906లో హైదరాబాదులో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించారు. తెలిసినవారిచేత తెలుగులో వ్రాయించి, పరిష్కరించి, అచ్చు వేయించారు. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము అలా వెలువడినదే. తరువాత తలపెట్టిన విజ్ఞాన సర్వస్వం పూర్తికాకుండానే 1923లో, 46 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది 1926లో! విశ్వవిద్యాలయ ముద్రణశాల చేయవలసిన పనిని ఆయన ముందే చేసి చూపారు. మన వాడరేవులో వల లాగే తండ్రి కూడా చదివి బిడ్డకు చెప్పగలిగినప్పుడే పుస్తకం చదువుకు దారి అవుతుంది.