జాషువా స్లోకమ్

జాషువా స్లోకమ్ (జననం: 1844 ఫిబ్రవరి 20 - అదృశ్యం: 1909) తెరచాప పడవపై ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టివచ్చిన మొదటి వ్యక్తి. 1895 నుండి 1898 వరకు సాగిన ఈ యాత్రలో ఇతడు 46,000 మైళ్ళకు పైగా ప్రయాణించాడు. పాత పడవను స్వయంగా పునర్నిర్మించి, కొద్దిపాటి సామగ్రితో ఈ యాత్రను పూర్తిచేయడం వలన, తరువాతి కాలంలో సరదా కొరకు పడవలు నడిపేవారికి ఆదర్శప్రాయుడైనాడు.

బాల్యము, నావిక జీవితము

స్లోకమ్ ప్రస్తుతం కెనడాలో ఉన్న నోవా స్కోషియా ప్రాంతంలో జన్మించాడు. తండ్రి తోలు బూట్లు తయారుచేసేవాడు. ఆ పని గిట్టని స్లోకమ్ 14వ ఏట ఇల్లు విడిచి చేపల పడవలో వంటవాడుగా చేరాడు. క్రమంగా పెద్ద ఓడలకు కెప్టెన్ అయ్యాడు. 1871లో సిడ్నీలో వర్జీనియా వాకర్‌ను వివాహమాడాడు. భర్తతోపాటు ఓడలోనే జీవించిన ఆమె 1884లో మరణించింది. 1886లో హెన్రియెట్టాను పునర్వివాహం చేసుకొన్నాడు. 1887లో ఇతని సొంత ఓడ ఎక్విడ్నెక్ బ్రెజిల్ తీరంలో ధ్వంసమైంది. అక్కడే లిబర్డాడే అనే 35 అడుగుల పడవను నిర్మించి, 1888లో కుటుంబంతో సహా అమెరికా చేరుకొన్నాడు. అప్పటికి ఆవిరి ఓడల వ్యాప్తి వలన తెరచాప ఓడల కెప్టెన్లకు ఉద్యోగాలు కరువైనాయి.

స్ప్రే పడవ

1892లో ఎబెన్ పియర్స్ అనే మిత్రుడు ఇతనికి ఒక ఓడ ఇస్తానన్నాడు. తీరా చూస్తే అది మసాచుసెట్స్‌లోని ఫెయిర్‌హేవెన్ వద్ద పొలంలో పడిఉన్న శిథిలమైన పడవ. స్లోకమ్ ఓక్ చెట్లను నరికి వెన్నుదూలం, పక్కటెముకలు అమర్చాడు. పైన్ పలకలు బిగించి, సందులలో నూలు, నార దట్టించాడు. 13 నెలలు పట్టిన ఈ పనికి 553 డాలర్ల 62 సెంట్లు ఖర్చయింది. పడవ పొడవు 36 అడుగుల 9 అంగుళాలు, వెడల్పు 14 అడుగుల 2 అంగుళాలు. చుక్కానిని కట్టివేసినా దారి తప్పక సాగడం దీని ప్రత్యేకత. థర్స్‌డే దీవి నుండి కీలింగ్ దీవుల వరకు 2,700 మైళ్ళు 23 రోజులలో నడవగా, ఇతడు చుక్కాని పట్టినది మూడు గంటలు కూడా లేదు.

యాత్ర, సామగ్రి

1895 ఏప్రిల్ 24న బోస్టన్ నుండి బయలుదేరాడు. పెద్ద పడవను సగానికి కోసి, ఆ సగాన్ని ఒడ్డుకు చేరే చిన్న పడవగానూ, బట్టలుతికే తొట్టిగానూ వాడుకొన్నాడు. రేఖాంశం తెలుసుకోవడానికి కావలసిన క్రోనోమీటర్ మరమ్మత్తుకు 15 డాలర్లు అడగగా, దానిని వదలి, అద్దం పగిలిన గడియారాన్ని ఒక డాలరుకు కొన్నాడు. పసిఫిక్‌లో చంద్రుని స్థానాన్ని కొలిచి తన లెక్కలను సరిచూచుకొన్నాడు.

సూయజ్ మార్గంలో వెళ్ళదలచినా, సముద్రపు దొంగల భయం వలన జిబ్రాల్టర్ నుండి దక్షిణ అమెరికా వైపు మళ్ళాడు. బ్యూనస్ ఎయిర్స్‌లో తెరచాప కొయ్యను ఏడడుగులు కురచ చేశాడు. మెజెల్లాన్ జలసంధిలో పడవ వెనుక భాగాన మరొక చిన్న తెరచాపను అమర్చాడు. అక్కడ దాడులు జరుగుతాయని తెలిసి, నిద్రించే ముందు పడవపై చిన్న మేకులు చల్లేవాడు. చీకటిలో పడవెక్కినవారు వాటిని తొక్కి పారిపోయారు. సమోవా, ఆస్ట్రేలియా, మారిషస్, కేప్‌టౌన్‌ల మీదుగా 1898 జూన్ 27న రోడ్ ఐలాండ్‌లోని న్యూపోర్ట్ చేరాడు. యాత్రా గ్రంథం 1900లో వెలువడింది.

అదృశ్యము

1909లో స్ప్రేలో దక్షిణ దిశగా ఒంటరిగా బయలుదేరిన స్లోకమ్ తిరిగి రాలేదు. ఏదైనా ఆవిరి ఓడ ఢీకొని ఉండవచ్చునని కొందరి ఊహ. 1924లో ఇతడు మరణించినట్లు చట్టపరంగా ప్రకటించారు. తరువాత స్ప్రేకు అనేక నకళ్ళు నిర్మించబడినాయి. వెడల్పైన ఈ పడవ తేలికగా ఒరగదు గాని, హద్దు మీరి ఒరిగితే తిరిగి లేవదని కొందరు నిర్మాణ నిపుణులు విమర్శించారు. అందుచేత స్ప్రే సాధించిన విజయంలో పడవ గుణంతోపాటు, దాని ప్రతి పలకనూ ఎరిగిన నావికుని అనుభవాన్ని కూడా లెక్కించవలసి ఉంటుంది.