పాలకొల్లు నుంచి రాక్ శ్రోతల చెంతకు: మాండలిన్ శ్రీనివాస్

ప్రోగ్రెసివ్ రాక్ అభిమానులు తమకు నచ్చిన బృందాలను తలచుకునేటప్పుడు పింక్ ఫ్లాయిడ్, యెస్, జెనెసిస్, కింగ్ క్రిమ్సన్ పేర్ల సరసనే మహావిష్ణు ఆర్కెస్ట్రా పేరు కూడా వస్తుంది. ఇంగ్లండుకు చెందిన గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ 1971లో నెలకొల్పిన బృందమది. ఆయన ఆల్బమ్‌లను ఒక్కొక్కటిగా వింటూ పోయే శ్రోతకు, 2000వ సంవత్సరం దాకా వచ్చేసరికి, గిటారు పక్కన మరో తీగవాద్యం వినిపిస్తుంది. దానిని వాయించింది పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో 1969 ఫిబ్రవరి 28న జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్. సంగీతలోకానికి ఆయన మాండలిన్ శ్రీనివాస్.

తండ్రి సత్యనారాయణ కూడా వాద్యకారుడే. ఇంట్లో ఉన్న మాండలిన్‌ను శ్రీనివాస్ ఆరేళ్ల వయసులో చేతికి తీసుకున్నారు. మొదట పాశ్చాత్య సంగీతపు పరిచయం కలిగింది. గిటారిస్టు వాసూరావు ఆ పసివానికి ఆ దారి చూపారు. తరువాత, సత్యనారాయణకు గురువైన రుద్రరాజు సుబ్బరాజు ఆ బాలుని ప్రతిభను గుర్తించి కర్ణాటక సంగీతం నేర్పడానికి పూనుకున్నారు. సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. అయితే ఆయనకు మాండలిన్ వాయించడం రాదు. అందుచేత ఆయన పాడేవారు, శిష్యుడు విన్నదానిని తీగలపై పలికించేవాడు. ఏ వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవారు లేరు. శ్రీనివాస్ బాణీలో గాత్రధర్మం అంతగా నిలిచిపోవడానికి ఈ లోటే కారణమని ఈ రచయిత అభిప్రాయం.

1978లో కృష్ణా జిల్లా గుడివాడలో జరిగిన త్యాగరాజ ఆరాధనోత్సవంలో ఆయన తొలి కచేరీ చేశారు. కుటుంబం మద్రాసుకు తరలింది. 1981 డిసెంబరు సంగీతోత్సవాలలో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదికపై ఆయన కచేరీ జరిగింది. అక్కడితో బాలమేధావిగా పేరు వచ్చింది. అభ్యంతరాలూ వచ్చాయి.

ఆ అభ్యంతరాలను తేలికగా కొట్టివేయడానికి వీలులేదు. మాండలిన్ మెట్లున్న వాద్యం. మెట్టుకొక స్వరం చొప్పున విడివిడిగా పలుకుతుంది. కర్ణాటక సంగీతానికి ప్రాణమైన గమకమేమో రెండు స్వరాల నడుమ ఉన్న చోటనే పుడుతుంది. తోడిలో గాంధారం ఊగకపోతే అది తోడి కాదు. పైగా మామూలు మాండలిన్‌కు నాలుగు జతల తీగలుంటాయి. జంట తీగలను పక్కకు లాగితే రెండూ ఒకే మేర సాగవు, శ్రుతి చెదురుతుంది. మీటిన నాదం క్షణంలో ఆరిపోతుంది కూడా. సినిమా వాద్యబృందాలలో మాండలిన్‌ను అంత వేగంగా, ఎడతెగకుండా మీటేది ఈ లోటును కప్పిపుచ్చడానికే. అటువంటి వాద్యంపై చౌకకాలపు కీర్తన ఎలా నిలబడుతుందన్నది విద్వాంసుల సందేహం.

శ్రీనివాస్ ఇచ్చిన సమాధానం వాద్యపు నిర్మాణంలోనే ఉంది. జంట తీగలను తొలగించి ఐదు ఒంటి తీగలను అమర్చుకున్నారు. మామూలు మాండలిన్‌ను విడిచి ఎలక్ట్రిక్ మాండలిన్‌ను చేపట్టారు. ఇది హోరు కోసం కాదు. విద్యుత్తు తోడైతే ఆరిపోతున్న నాదపు చివరి తునక కూడా వినబడుతుంది. ఆ కొద్దిపాటి వ్యవధిలో వేలు జారి, ఊగి, గమకాన్ని పూర్తి చేయగలదు. రాక్ గిటారిస్టులు విద్యుత్తును ఆశ్రయించిన కారణాలలో ఒకటి సరిగ్గా ఇదే: స్వరం ఎక్కువసేపు బతికి ఉండటం. పాలకొల్లు బాలుడు, లండన్ గిటారిస్టులు వేర్వేరు అవసరాలతో బయలుదేరి ఒకే పరికరం దగ్గర కలుసుకున్నారు. రెండు శతాబ్దాల కిందట బాలుస్వామి దీక్షితులు వయొలిన్‌ను స్వీకరించిన చరిత్ర ఉన్న సంప్రదాయం, మాండలిన్‌నూ కాలక్రమంలో తనదిగా చేసుకుంది.

1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవంలో ఆయన వాయించారు. అప్పటికి ఆయనకు పధ్నాలుగేళ్లు. అక్కడి శ్రోతలు మెచ్చి మళ్లీ వాయించమని కోరారు. 1992లో బార్సిలోనా ఒలింపిక్ కళోత్సవాలలోనూ పాల్గొన్నారు.

రాక్ ప్రపంచంతో నేరుగా ముడి పడింది 1995లో. జెనెసిస్ బృందపు తొలి గాయకుడు పీటర్ గేబ్రియల్ 1975లో ఆ బృందాన్ని విడిచి, తదనంతర కాలంలో ప్రపంచ దేశాల సంగీతం కోసం రియల్ వరల్డ్ అనే సంస్థను నెలకొల్పారు. కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కలిసి శ్రీనివాస్ చేసిన డ్రీమ్ అనే ఆల్బమ్‌ను ఆ సంస్థే విడుదల చేసింది. మెక్‌లాఫ్లిన్ 1970లలో జాకీర్ హుస్సేన్, ఎల్. శంకర్, విక్కు వినాయకరామ్‌లతో నడిపిన శక్తి బృందం, రిమెంబర్ శక్తి పేరుతో మళ్లీ ప్రాణం పోసుకున్నాక, అందులో శ్రీనివాస్ చేరారు. ది బిలీవర్, సాటర్‌డే నైట్ ఇన్ బాంబే ఆల్బమ్‌లు ఆ కలయిక ఫలితాలే.

ఈ కలయికలో తెలుగు శ్రోతలు గమనించదగినది లయ. సాధారణ రాక్ పాట నాలుగు లెక్కలతో నడుస్తుంది. ప్రోగ్రెసివ్ రాక్ బృందాలు ఏడు, ఐదు వంటి బేసి లెక్కలను తెచ్చి దానినొక సాహసంగా చాటుకున్నాయి. మిశ్రచాపు ఏడు, ఖండచాపు ఐదు బాల్యంలోనే చేతికి పట్టుబడిన విద్వాంసునికి అందులో వింత లేదు. మెక్‌లాఫ్లిన్‌తో ప్రశ్నోత్తరాల తీరున వాయించేటప్పుడు శ్రీనివాస్ ముఖంలో చిరునవ్వే తప్ప శ్రమ కనబడదు. ఆ వీడియోలు చూసినవారికి ఇది తెలిసిన విషయమే.

ఢిల్లీలో సరోజినీ నాయుడు పేరున వెలసిన సరోజినీ నగర్ వంటి ప్రభుత్వోద్యోగుల కాలనీలలో ఉన్న దక్షిణాది కుటుంబాలకు ఈయన రికార్డింగులు రెండు తరాలను ఒకచోట కూర్చోబెట్టగల అరుదైన వస్తువులు. త్యాగరాజ కీర్తన కోసం వినే తండ్రి, ఎలక్ట్రిక్ తీగ కోసం వినే కొడుకు ఒకే క్యాసెట్‌తో తృప్తి పడవచ్చు. ఇద్దరిలో ఎవరి కోసమూ ఆయన తన బాణీని పలచన చేయలేదు. విదేశీ కళాకారులతో పనిచేసినా, సొంత కచేరీలో వర్ణం, ఆలాపన, కీర్తన, స్వరకల్పన అన్న క్రమం చెక్కుచెదరలేదు.

1998లో పద్మశ్రీ, 2009 సంవత్సరానికి సంగీత నాటక అకాడమీ పురస్కారం ఆయనను వరించాయి. తమ్ముడు రాజేశ్ కూడా మాండలిన్ విద్వాంసుడే. కాలేయవ్యాధితో చికిత్స పొందుతూ, కాలేయ మార్పిడి జరిగిన తరువాత 2014 సెప్టెంబరు 19న చెన్నైలో శ్రీనివాస్ కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 45 ఏళ్లు.

శక్తి బృందం 2023లో దిస్ మూమెంట్ అనే ఆల్బమ్‌ను వెలువరించింది. 2024 ఫిబ్రవరిలో దానికి గ్రామీ పురస్కారం లభించింది. మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్, శంకర్ మహదేవన్, సెల్వగణేశ్‌లతో పాటు ఆ బృందంలో ఐదవ కళాకారుడు వయొలిన్ విద్వాంసుడు గణేశ్ రాజగోపాలన్. మాండలిన్ స్థానంలో మరో మాండలిన్ రాలేదు.