బట్టల కొట్టు నుంచి గ్రామఫోన్ దాకా

శంషాబాద్ విమానాశ్రయం దగ్గర విమానాల మరమ్మతు కేంద్రాల్లో ఉద్యోగానికి ప్రయత్నిస్తున్నారా? పెద్ద కాలేజీ పేరు లేదని బెంగగా ఉందా? అయితే ఎమిల్ బెర్లినర్ గురించి తెలుసుకోండి.

1851లో జర్మనీలోని హానోవర్‌లో పుట్టాడు. 14 ఏళ్లకే బడి చదువు ముగిసింది. 1870లో అమెరికా వెళ్లి, వాషింగ్టన్‌లో ఓ బట్టల కొట్టులో గుమాస్తాగా చేరాడు. తర్వాత న్యూయార్క్‌లో పగలు దొరికిన పనల్లా చేశాడు, ల్యాబ్‌లో సీసాలూ కడిగాడు. రాత్రిళ్లు కూపర్ ఇన్‌స్టిట్యూట్‌లో సైన్సు నేర్చుకున్నాడు. 1877లో టెలిఫోన్‌లో మాట స్పష్టంగా వినిపించే ట్రాన్స్‌మిటర్ తయారుచేస్తే, బెల్ కంపెనీ దాని హక్కులు కొనుక్కుంది.

ఎడిసన్ ఫోనోగ్రాఫ్ వచ్చిందీ ఆ ఏడాదే. అందులో పాట గొట్టం మీద ఉండేది. కాపీలు తీయడం కష్టం. బెర్లినర్ దాన్ని పళ్లెంలా చదునుగా మార్చాడు. ఒక్క అచ్చు ఉంటే చాలు, ఎన్ని రికార్డులైనా నొక్కొచ్చు. 1887లో ఈ గ్రామఫోన్‌కు పేటెంట్ వచ్చింది. మొదట్లో చేత్తో తిప్పాల్సిందే, చెయ్యి ఆగితే పాటా ఆగేది. 1896లో ఎల్‌డ్రిడ్జ్ జాన్సన్ అనే మెకానిక్ స్ప్రింగ్ మోటారు అమర్చాక వేగం కుదిరింది.

పాత గ్రామఫోన్లు సేకరించేవాళ్లు ఇత్తడి బూర చూసి మోసపోరు. కొత్త బూర బిగించి పాతదని అమ్మేవాళ్లు బోలెడుమంది. అందుకే సౌండ్‌బాక్స్, మోటారు, బ్రేకు ఒక్కొక్కటీ పరిశీలిస్తారు. కటింగ్ ప్లయర్‌లా కనిపించే చిన్న పనిముట్టు నిజానికి అరిగిన వెదురు ముల్లును మళ్లీ కోసి పదును పెట్టేదని గుర్తుపడతారు. మీరు వెళ్లబోయే హ్యాంగర్‌లోనూ ఇదే పద్ధతి. పార్టు నంబరు, రికార్డు సరిచూడకుండా ఏదీ బిగించరు.

1900లో కోర్టు ఉత్తర్వుతో అమెరికాలో బెర్లినర్ గ్రామఫోన్ అమ్మకాలు ఆగిపోయాయి. అప్పటికి ఆయనకు 49 ఏళ్లు. కెనడాలో వ్యాపారం నడుపుతూనే, తర్వాతి ఏళ్లలో విమాన ఇంజిన్లు, హెలికాప్టర్ల వైపు తిరిగాడు. ఆ పనిని కొడుకు హెన్రీ కొనసాగించి, 1922లో మేరీలాండ్‌లోని కాలేజ్‌పార్క్‌లో హెలికాప్టర్ ఎగరేసి చూపించాడు. బెర్లినర్ 1929లో చనిపోయాడు.

ఇంటర్వ్యూకు ఇంకా వారం ఉందా? ఇంట్లో మూలనపడ్డ ఫ్యానో, మిక్సీయో విప్పండి. ఏ భాగం ఏం పని చేస్తుందో రాసుకోండి. రెజ్యూమెలో చెప్పుకోవడానికి మీకో సొంత పని దొరుకుతుంది.