రాగం పేరుంది, వరుస లేదు

తిరుమలలో సంకీర్తనా భాండాగారం చూశారా? 1408లో తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య, 16వ ఏట మొదలుపెట్టి 32,000 పాటలు పాడారని ప్రతీతి. కుమారుడు పెదతిరుమలాచార్యులు వాటిని రాగిరేకులకెక్కించారు. ప్రతి పాటా ఆధ్యాత్మికమో, శృంగారమో కావాలి. పైన రాగం పేరుండాలి. పాట మాత్రం సంస్కృతమైనా, పల్లె జోలపాటైనా సరే. మీ పిల్లల ప్రోగ్రెస్ కార్డు చూడండి: మార్కుల గడిలో అంకె తప్ప మరేదీ పట్టదు, రిమార్కుల గడిలో ఏదైనా పడుతుంది. డేటాబేస్ పాఠంలో డేటా టైపంటే ఇదే. ఇంత పకడ్బందీ రేకుల్లోనూ పాటల స్వరాలకు గడి లేదు! 1503లో అన్నమయ్య కన్నుమూశారు, వరుసలు మరుగునపడ్డాయి. నేడు మీరు వినే బాణీలు చాలావరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు 20వ శతాబ్దంలో కట్టినవే.