హెన్రీ డేవిడ్ థోరో: పన్ను కట్టనన్నారు.. ఒక్క రాత్రి జైల్లో ఉన్నారు.. ఆ రాత్రే చరిత్ర అయ్యింది!

బతికుండగా ఆయన పుస్తకాలు కొన్నవాళ్లే తక్కువ. అచ్చేసిన వెయ్యి కాపీల్లో 706 తిరిగి ఇంటికే వచ్చాయి. 44 ఏళ్లకే కన్నుమూశారు. కానీ ఆయన రాసిన ఓ వ్యాసం గాంధీ, మార్టిన్ లూథర్ కింగ్ చేతుల దాకా వెళ్లింది. ఆయనే అమెరికా రచయిత హెన్రీ డేవిడ్ థోరో. అడవిలో ఒంటరిగా బతికిన మనిషిగానే చాలామందికి తెలిసిన ఆయన అసలు కథేంటో చూద్దాం.

పెన్సిళ్ల ఇంట్లో పుట్టి..

1817 జులై 12న మసాచుసెట్స్ రాష్ట్రంలోని కాంకర్డ్ అనే చిన్న ఊళ్లో థోరో పుట్టారు. తండ్రి పెన్సిళ్లు తయారుచేసేవారు. హార్వర్డ్‌లో చదువు పూర్తయ్యాక 1837లో సొంతూళ్లోనే టీచర్ ఉద్యోగం వచ్చింది. కానీ అది రెండు మూడు వారాల ముచ్చటే. పిల్లల్ని బెత్తంతో కొట్టాల్సిందేనని పైనుంచి ఒత్తిడి రావడంతో ఉద్యోగం వదిలేశారు. తర్వాత అన్న జాన్‌తో కలిసి సొంతంగా స్కూల్ నడిపారు. అక్కడ బెత్తం లేదు. పిల్లల్ని పొలాలకు, నది ఒడ్డుకు తీసుకెళ్లి పాఠాలు చెప్పేవారు.

జాన్ ఆరోగ్యం దెబ్బతినడంతో 1841లో స్కూల్ మూతపడింది. మరుసటి ఏడాది జనవరిలో గడ్డం గీసుకుంటుండగా జాన్ వేలు తెగింది. చిన్న గాయమే కదా అనుకున్నారు. అది ధనుర్వాతంగా మారింది. తమ్ముడి చేతుల్లోనే అన్న ప్రాణం పోయింది. ఆ షాక్‌కు థోరోలోనూ అవే లక్షణాలు కనిపించాయి. కోలుకోవడానికి చాలా రోజులే పట్టింది.

ఎమర్సన్ ప్రభావం

కాంకర్డ్‌లోనే ఉండే రచయిత రాల్ఫ్ వాల్డో ఎమర్సన్ అప్పటికే పెద్ద పేరు. సత్యం ఏ చర్చిలోనో, పుస్తకంలోనో మాత్రమే ఉండదు, ప్రతి మనిషి లోపలా ఉంటుంది, ప్రకృతిలోనూ కనిపిస్తుంది అన్నది ఆయన చుట్టూ చేరినవాళ్ల నమ్మకం. దీన్నే ట్రాన్సెండెంటలిజం అన్నారు. మిగతావాళ్లు ఎక్కువగా దీని గురించి మాట్లాడారు, రాశారు. థోరో మాత్రం బతికి చూద్దాం అనుకున్నారు.

1845 జులై 4న, అంటే అమెరికా స్వాతంత్ర్య దినోత్సవం రోజునే, వాల్డెన్ చెరువు పక్కన గుడిసెలో కాపురం పెట్టారు. స్థలం ఎమర్సన్‌ది. పది అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవు ఉన్న ఆ గుడిసెకు అయిన ఖర్చు 28 డాలర్ల 12న్నర సెంట్లు. పైసా పైసా లెక్క రాసుకున్నారు మరి! చిక్కుళ్లు పండించారు. చెరువుకు అడుగే లేదని ఊరి జనం చెప్పుకునేవారు. థోరో తాడుతో కొలిచి లోతు 102 అడుగులని తేల్చేశారు. ఉదయాన్నే భగవద్గీత ఇంగ్లీష్ అనువాదం చదువుకునేవారు.

అలాగని సన్యాసి ఏం కాదు. ఊరు అక్కడికి రెండు మైళ్లలోపే. తరచూ ఇంటికెళ్లి భోంచేసి వచ్చేవారు. గుడిసెకు స్నేహితులూ వచ్చిపోయేవారు. అలా రెండేళ్ల రెండు నెలల రెండు రోజులు అక్కడే గడిచాయి.

ఆ రాత్రి ఏం జరిగిందంటే..

1846 జులైలో ఓ రోజు చెప్పులు కుట్టే అతని దగ్గర ఇచ్చిన బూటు తెచ్చుకుందామని ఊళ్లోకి వెళ్లారు. దారిలో కానిస్టేబుల్ సామ్ స్టేపుల్స్ ఆపారు. కొన్నేళ్లుగా థోరో తలపన్ను కట్టడం లేదు. బానిసత్వాన్ని కాపాడే ప్రభుత్వానికి, మెక్సికోపై యుద్ధానికి దిగిన ప్రభుత్వానికి తన డబ్బు ఇవ్వనన్నది ఆయన పట్టుదల. రోడ్ల పన్ను మాత్రం కట్టేవారు. ఎందుకంటే అది ఇరుగుపొరుగుకు పనికొస్తుంది కాబట్టి.

జైల్లో వేశారు. రాత్రికి రాత్రే ఎవరో వచ్చి బాకీ కట్టేశారు. అది మేనత్త పనే అని చాలామంది చెబుతారు. తెల్లారి విడుదల చేస్తుంటే థోరోకు సంతోషం కాదు, కోపం వచ్చింది. బయటికొచ్చి బూటు తీసుకుని హకల్‌బెర్రీ పళ్లు కోయడానికి వెళ్లిపోయారు. తానెందుకు పన్ను కట్టలేదో 1848లో ఊరివాళ్లకు ఉపన్యాసంగా చెప్పారు. 1849లో అది వ్యాసంగా అచ్చయింది. సివిల్ డిసొబీడియెన్స్ అన్న పేరు మాత్రం ఆయన పోయాకే వచ్చింది.

706 పుస్తకాలు వెనక్కి

అన్నతో చేసిన పడవ ప్రయాణంపై రాసిన తొలి పుస్తకం అదే ఏడాది వచ్చింది. అమ్ముడుపోలేదు. మిగిలిన 706 కాపీలు 1853లో ఇంటికి చేరితే, ఆయనే అటక మీదికి మోసుకెళ్లారు. అచ్చు ఖర్చు అప్పును పెన్సిళ్ల పనితో, భూముల సర్వేతో తీర్చుకున్నారు. వాల్డెన్ పుస్తకాన్ని ఏడు సార్లు తిరగరాసి 1854లో తెచ్చారు. రెండు వేల కాపీలు అమ్ముడవడానికి దాదాపు ఐదేళ్లు పట్టింది.

పారిపోయి వచ్చిన బానిసలకు థోరో కుటుంబం ఆశ్రయమిచ్చేది. 1859లో జాన్ బ్రౌన్ ఆయుధాలతో బానిసత్వంపై తిరగబడి పట్టుబడ్డారు. ఆయన్ను అందరూ పిచ్చివాడంటుంటే, థోరో ఊళ్లో సభ పెట్టి మరీ సమర్థించారు. శాంతి మార్గానికి స్ఫూర్తిగా చెప్పుకునే మనిషి జీవితంలో ఇదీ ఒక భాగమే.

1862 మే 6న క్షయతో కాంకర్డ్‌లోనే చనిపోయారు. బానిసత్వం రద్దు కావడం చూడలేకపోయారు.

గాంధీ ఏమన్నారు?

1907లో దక్షిణాఫ్రికాలో ఉన్న గాంధీ ఈ వ్యాసం చదివి, తన ఇండియన్ ఒపీనియన్ పత్రికలో పరిచయం చేశారు. అయితే సత్యాగ్రహం థోరో నుంచే వచ్చిందన్న మాటను ఆయన ఒప్పుకోలేదు. అది చదివేనాటికే దక్షిణాఫ్రికాలో తమ పోరాటం మొదలైందని 1935లో పి.కోదండరావుకు రాసిన ఉత్తరంలో స్పష్టం చేశారు. అంటే థోరో ఇచ్చింది దారి కాదు, ఆ దారిలో తోడు. మార్టిన్ లూథర్ కింగ్ మాత్రం కాలేజీ రోజుల్లో ఈ వ్యాసాన్ని పదేపదే చదివారు.

ఇంకో విశేషం కూడా ఉంది. కాంకర్డ్‌లో ఏ పువ్వు ఏ రోజు పూసిందో 1850ల్లో థోరో రాసుకున్న లెక్కలు ఇప్పుడు వాతావరణ మార్పుపై పనిచేసే శాస్త్రవేత్తలకు పనికొస్తున్నాయి. అప్పటికంటే ఇప్పుడు అక్కడ పూలు ముందుగానే పూస్తున్నాయని తేలింది. అటకెక్కిన పుస్తకాల మనిషి రాతలు 160 ఏళ్ల తర్వాతా పనిచేస్తూనే ఉన్నాయి.